గిలకలదిండిలో నిద్ర

నేను సోషల్ టీచర్ని. ముదినేపల్లి దగ్గర ఒక హైస్కూల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. సిలబస్ ఎన్నిసార్లు మారినా, ఏదో ఒక తరగతి పుస్తకంలో మచిలీపట్నం తప్పకుండా వచ్చేది. డచ్చివాళ్ళు వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, ఫ్రెంచివాళ్ళు వచ్చారు, మన అద్దకం బట్టలు ఓడలకెక్కించి తీసుకెళ్ళారు అని చెప్పేదాన్ని. గోడకి తగిలించిన మ్యాపు మీద బెత్తం ఆనించి, ఇదిగో ఇక్కడ అని చూపించేదాన్ని. ఆ బెత్తం ఆనిన చోటుకి మా ఊరి నుంచి బస్సులో రెండు గంటలు కూడా పట్టదు. అయినా ఆ రేవు నేను చూడలేదు.

అలాగని బందరు, అదే మచిలీపట్నం, నాకు కొత్త ఊరేం కాదు. జిల్లా కేంద్రం కాబట్టి ట్రాన్స్‌ఫర్లకీ, ఆగిపోయిన ఇంక్రిమెంటుకీ, పదో తరగతి పేపర్లు దిద్దడానికీ వెళ్తూనే ఉండేదాన్ని. బస్టాండులో దిగడం, రిక్షా ఎక్కడం, డీఈవో ఆఫీసు వరండాలో సాయంత్రం దాకా నిలబడడం, మళ్ళీ రిక్షా, మళ్ళీ బస్సు. మధ్యలో వీలుంటే అరకిలో లడ్డూ పొట్లం. వేసవిలో మధ్యాహ్నం దాటాక గాలి తిరిగితే, సముద్రం అటువైపుందని తెలిసేది. అంతకుమించి ఆ ఊరితో నాకు పరిచయం లేదు.

మావారు బస్సు కండక్టరు. గుడివాడలో ఉండేవాళ్ళం. బందరు రూటులో ఆయన తిరిగినన్నిసార్లు ఇంకెవరూ తిరిగి ఉండరు. ఆయనకీ ఆ ఊరు బస్టాండు వరకే తెలుసు. డ్యూటీ లేని రోజున ఇంటి గడప దాటించాలంటే నా తరం అయ్యేది కాదు. రోజంతా బస్సులో ఊగేవాడికి సరదాగా బస్సెక్కడం ఏమిటని నవ్వేవాడు. పిల్లలు లేరు. ఇద్దరమే. అలా గడిచిపోతోంది అనుకుంటున్న రోజుల్లో ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ పెరట్లో కూలబడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట ముద్దయిపోయింది.

ఆ తర్వాత మూడేళ్ళు నేనెలా బతికానో వివరంగా చెప్పడం నాకిష్టం లేదు. మంచంలో ఉన్న మనిషిని చూసుకున్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. వీపు పుండ్లు పడకుండా రాత్రి మధ్యమధ్యలో లేచి పక్కకి తిప్పాలి. మనిషి ఆరడుగులవాడు. పగలు నేను బడికెళ్తే పక్కింటి పెద్దావిడ వచ్చి కూర్చునేది. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చాక నా రెండో ఉద్యోగం మొదలయ్యేది. నిద్ర ఉండేది గానీ, ఒక చెవి తెరిచి పెట్టుకునే నిద్ర. ఆయన గొంతులో చిన్న గురగుర వినపడితే లేచి కూర్చునేదాన్ని. స్టాఫ్ రూములో బల్ల మీద తల ఆనిస్తే చాలు, కళ్ళు మూతపడేవి. ఒకసారి పాఠం చెప్తూ చెప్తూ ఏ రాజు దగ్గర ఆగానో మర్చిపోయి చాలాసేపు అలా నిలబడిపోయాను. పిల్లలు కూడా నిశ్శబ్దంగా చూస్తూ కూర్చున్నారు.

ఆ మూడో ఏడు కార్తీకమాసంలో మా స్కూలు ఆడవాళ్ళంతా కలిసి చిన్న బస్సు ఒకటి మాట్లాడుకున్నారు. రెండు రోజుల ప్రయాణం. దివిసీమ గుళ్ళు చూసుకుని, బందరులో పాండురంగడి దర్శనం, సముద్ర స్నానం చేసి రావడం. మా హిందీ టీచరు అందరికంటే పెద్దావిడ, ఈ ఏర్పాట్లన్నీ ఆవిడవే. నా దగ్గరికొచ్చి, "నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను. నీ మొహం అద్దంలో చూసుకుని ఎన్నాళ్ళయింది?" అంది. ఎలా వస్తానండీ అన్నాను. అప్పటికే ఆవిడ గుడ్లవల్లేరులో ఉన్న మా ఆడపడుచుకి కబురు పంపేసింది. ఆడపడుచు వచ్చింది. మావారికి చెల్లెలు, నాకంటే చిన్నది. నాతో ఎప్పుడూ కాస్త ముభావంగా ఉండేది. అన్నయ్యని నేను సరిగా చూసుకోవడం లేదేమోనని ఆవిడ అనుమానమని నా అనుమానం. సంచి దించి, "రెండు రోజులేగా వదినా, నేను చూసుకుంటాలే, వెళ్ళు" అంది. నేను మందులు, తిప్పే వేళలు, గంజి ఎంత పలుచగా ఉండాలో చెప్పబోతే, "మా అన్నయ్యేగా, నాకు తెలియదా" అంది.

మొదటి రోజంతా దివిసీమ. మోపిదేవి, కృష్ణ ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళం, ఆఖరికి హంసలదీవి. బస్సు ఆగడం, చెప్పులు విప్పడం, దీపం వెలిగించడం, చెప్పులు వెతుక్కోవడం. హిందీ టీచరు చప్పట్లు కొట్టి పిలిచేది, మేం బిలబిలమని ఎక్కేవాళ్ళం. దారిలో పచ్చటి చేలు, చేపల చెరువులు, తుఫాను షెల్టర్లు. కిటికీ పక్కన కూర్చున్నాను గానీ ఏదీ నాలోకి దిగలేదు. అవనిగడ్డలో సత్రంలో పడుకున్నాం. పక్కన మంచం లేదు, గురగుర లేదు. అయినా అలవాటు ప్రకారం రాత్రంతా లేస్తూనే ఉన్నాను. లేచి, ఎక్కడున్నానో అర్థం కాక, ఒక్క క్షణం భయపడేదాన్ని. తర్వాత పక్కన వరసగా పడుకున్న టీచర్లని చూసి మళ్ళీ ఒరిగేదాన్ని. తెల్లవారేసరికి ఇంట్లో ఉన్నప్పటికంటే ఎక్కువ అలిసిపోయాను.

రెండో రోజు పొద్దున్నే చిలకలపూడి పాండురంగడి గుళ్ళో దర్శనమైంది. అక్కణ్ణుంచి మంగినపూడి బీచికి వెళ్ళి, స్నానాలు చేసి, భోజనాలు కానిచ్చి, మధ్యాహ్నం నాలుగింటికి కోనేరు సెంటరులో అందరూ కలుసుకుని ఇంటిముఖం పట్టాలని ఏర్పాటు. గుడి బయట రోల్డుగోల్డు గాజుల కొట్టు దగ్గర అందరూ మూగారు. నేను హిందీ టీచరు చెయ్యి పట్టుకుని, "నేను సముద్రానికి రానండీ. ఊరు చూస్తాను. నాలుగింటికి కోనేరు సెంటరుకి వచ్చేస్తాను" అన్నాను.

"ఊళ్ళో ఏముందమ్మా చూడ్డానికి? డీఈవో ఆఫీసా? ఆదివారం అది కూడా ఉండదు."

"పోర్టు చూడాలని."

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఏమనుకుందో, "ఒక్కదానివే వెళ్తావా?" అంది. వెళ్తానన్నాను. పెళ్ళయ్యాక ఎక్కడికైనా పని లేకుండా ఒక్కదాన్నే వెళ్ళడం అదే మొదటిసారని ఆ మాట అన్నాకే నాకు తెలిసింది.

రిక్షా అతను వయసైన మనిషి. నెమ్మదస్తుడు. పోర్టుకి పోనివ్వమన్నాను.

"ఏ పోర్టండీ? ఉన్నదా, కడతామంటున్నదా?"

"ఉన్నదే."

"ఉన్నదైతే చూడ్డానికేం లేదండి. అయినా పదండి, తీసుకెళ్తా."

దారిలో అతనే చెప్పాడు. వాళ్ళ నాన్న పోర్టులో కూలీగా పనిచేసేవాడట. ఓడలు ఒడ్డుదాకా రాలేక దూరంగా నడిసముద్రంలో ఆగేవట. పడవల మీద వెళ్ళి సరుకు దించుకొచ్చేవాళ్ళట. ఇప్పుడు ఓడలూ లేవు, నాన్నా లేడు అన్నాడు. అంతకుమించి బాధపడలేదు. పెడలు తొక్కుతూ ఏదో భజన పాట కూనిరాగం తీసుకున్నాడు.

ముందు బందరుకోట దగ్గర ఆపాడు. కూలిపోయిన పెద్ద గోడలు, వాటి సందుల్లోంచి లేచిన రావి మొక్కలు. కాస్త అవతల డచ్చివాళ్ళ సమాధులు. పెద్ద పెద్ద నల్లరాతి పలకలు, వాటి మీద చెక్కిన పూలు, కిరీటాలు, నాకు రాని భాష. అంకెలు మాత్రం చదవగలిగాను. ఒక పలక మీద పుట్టిన ఏడూ పోయిన ఏడూ తీసివేస్తే ఇంకా ఇరవై నిండలేదు. ఇన్నేళ్ళు పాఠంలో చెప్పిన మనుషులు నా కాళ్ళ దగ్గర ఉన్నారు. ఒళ్ళు గగుర్పొడవాలి. నిజం చెప్పాలంటే నాకు మోకాళ్ళు నొప్పి పెట్టాయి. ఆ రాతి మీద కూర్చోవచ్చా అని మాత్రం ఆలోచించాను. ఒక మేక అప్పటికే కూర్చునుంది. నేనూ పక్క పలక అంచున కూర్చున్నాను. రాయి చల్లగా ఉంది. ఇలా రావాలని అన్నేళ్ళు అనుకున్నాను, వచ్చాక ఏ ఉత్సాహమూ లేదేమిటని నా మీద నాకే విసుగు పుట్టింది.

పోర్టు దగ్గర రిక్షా అతను చెప్పినట్టే చూడ్డానికేం లేదు. తాళం వేసిన ఆఫీసు, పెంకులు ఊడిన గోదాములు, గట్టున బోర్లించిన పాత పడవ. నీళ్ళు కూడా సముద్రంలా లేవు, బురద రంగులో పెద్ద కాలవలా ఉన్నాయి. "సముద్రం ఇంకా అవతలండి" అన్నాడతను. "గిలకలదిండి వెళ్దామా? అక్కడైతే సందడి ఉంటది. మనుషులుంటారు."

అలా గిలకలదిండి వెళ్ళాం. చేపల హార్బరు. కాలవ పొడవునా మరపడవలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. నీలం, పసుపు, ఎరుపు. పొద్దుటి వేలంపాట అప్పటికే అయిపోయింది. ఖాళీ గంపలు, కరుగుతున్న ఐసు, కాకులు. ఒకచోట మిషను ఐసు దిమ్మల్ని పిండి చేస్తోంది. వలలు బాగుచేసుకునే మగవాళ్ళు కాలి బొటనవేలికి తాడు తగిలించుకుని వరసగా కూర్చున్నారు. కార్తీకమాసమని నెలంతా నీచు ముట్టకుండా ఉన్నదాన్ని, ఆ వాసనకి ముందు ముక్కు మూసుకున్నాను. కాసేపటికి అలవాటైంది. రిక్షా అతను అన్నం తినొస్తానని, ఎండ తగ్గాక వచ్చి తీసుకెళ్తానని వెళ్ళాడు.

నేను జెట్టీ వైపు నడిచాను. చివరికంటా వెళ్తే సముద్రం కనపడుతుందేమోనని. సగం దూరం వెళ్ళేసరికి వెనకనుంచి కేక వినపడింది.

"ఏమ్మోయ్! అమ్మగారూ! అటెళ్ళకండి! పాచి పట్టుంది, జారతది!"

తిరిగి చూశాను. టీ కొట్టావిడ. తాటాకు పాకలో కొట్టు, ముందు బల్ల, వెనక వలలు దాచుకునే చోటు. నలభై దాటినావిడ, బిగువైన మనిషి. నేను ఆగిపోవడం చూసి మళ్ళీ కేకేసింది. "రండి, టీ తాగి వెళ్దురుగాని."

వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. టీ ఇచ్చింది. ఇచ్చి అవతలకి పోకుండా నా ఎదుట నిలబడింది.

"ఎవరికోసం వచ్చారమ్మా?"

"ఎవరికోసం కాదు. ఊరికే, చూద్దామని."

"ఊరికేనా." నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఏ ఊరు?"

"గుడివాడ."

"గుడివాడ నించి ఒక్కళ్ళే వచ్చారా? మీవారో?"

"ఇంట్లో ఉన్నారు. పక్షవాతం. మూడేళ్ళయింది."

"పిల్లలు?"

"లేరు."

ఆవిడ చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టింది. ఎందుకో గొంతు మార్చింది. అంతవరకూ కేకలేసిన మనిషి మెత్తగా, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడడం మొదలుపెట్టింది. ఏం తిన్నారని అడిగింది. పొద్దున గుళ్ళో ప్రసాదం తిన్నానన్నాను. రెండు బన్నులు తెచ్చి చేతిలో పెట్టింది, వద్దంటున్నా వినకుండా. ఏం పనిచేస్తారంది. చెప్పాను. "టీచరుగారా! ఎంతమంది పిల్లలు మీ చేతిమీద పైకొచ్చుంటారో" అంది. ఇంట్లో నా కోసం ఎవరు ఎదురుచూస్తుంటారంది. మావారనే చెప్పాను. "చూస్తారుగా మరి. మీరు లేకపోతే ఆయనకెవరున్నారు?" అంది. ఆ మాటలో నాకేమీ తోచలేదు. వాగుడుకాయ అనుకున్నాను. అలా ఎవరూ నన్ను అడగక చాలా రోజులైంది కాబట్టి అడిగినవన్నీ చెప్పాను. రాత్రుళ్ళు లేవడం, తిప్పడం, బడి, బస్సు. చెప్తూ చెప్తూ ఆవులించాను. క్షమించమన్నాను. మళ్ళీ ఆవులించాను.

"లోపల కాసేపు నడుం వాల్చండమ్మా. ఎండలో ఎక్కడికెళ్తారు? చీర పాడవదులే, వలలు కొత్తవి."

కొట్టు వెనక మడతపెట్టిన వలల గుట్ట. పరుపంత ఎత్తుంది. ఒక్క పావుగంట అనుకున్నాను. హ్యాండుబ్యాగు తలకింద పెట్టుకున్నాను. తాటాకు సందుల్లోంచి గాలి వస్తోంది. ఐసు మిషను మోత, కాకుల గోల, ఎవరో ఎవర్నో తిట్టడం, పడవ ఇంజను టకటక. ఆ చప్పుళ్ళలో ఒక్కటి కూడా నాకోసం కాదు. ఏ చప్పుడుకీ నేను లేవనక్కర్లేదు. అది తెలియగానే మూడేళ్ళుగా తెరిచి ఉంచిన ఆ చెవి కూడా మూసుకుంది.

లేచేసరికి ఎండ పచ్చబడింది. ఎక్కడున్నానో తెలియలేదు గానీ, ఈసారి భయం వెయ్యలేదు. ఒళ్ళంతా బరువుగా, హాయిగా ఉంది. చెంప మీద వల గళ్ళు అచ్చుపడి ఉన్నాయని చేత్తో తడిమితే తెలిసింది. నా మీద ఎవరో పాత దుప్పటి కప్పారు. పాక గుమ్మంలో టీ కొట్టావిడ నా వైపు వీపు పెట్టుకుని, చేటలో ఎండు రొయ్యలు బాగుచేస్తూ కూర్చుంది. దారికి అడ్డంగా కూర్చుంది.

"టైమెంతైందమ్మా?" అన్నాను.

"లేచారా? ఐదవుతుందేమో."

దుప్పటి తోసేసి లేచాను. "మా బస్సు! నాలుగింటికి! రిక్షా అతను రాలేదా?"

"వచ్చాడు. నేనే పొమ్మన్నా. లేపుదామని రెండుసార్లు మీ దగ్గరికొచ్చానమ్మా. ఆ మొహం చూసి లేపబుద్ధి కాలా."

కోపం వచ్చింది. ఎవరడిగారు నిన్ను అనబోయాను. ఆవిడ చేట పక్కన పెట్టి, నా వైపు తిరిగింది.

"బస్సు సంగతి మీరు చెప్పలేదమ్మా. ఒక్కరే వచ్చామన్నారు. నేనేమనుకున్నానంటే..." ఒళ్ళో పడ్డ రొయ్య పొట్టు దులుపుకుంది. "కిందటేడు ఒకావిడ వచ్చింది. మంచి చీరే కట్టుకుంది. మీలాగే ఊరికే చూద్దామని వచ్చానంది. ఈ బల్ల మీదే టీ తాగింది. నేను బేరంలో పడ్డా. తలెత్తి చూస్తే బల్ల మీద గ్లాసుంది, ఆవిడ లేదు. మర్నాడు మావోళ్ళ వలకి తగిలింది."

ఆవిడ అడిగిన ప్రశ్నలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇంట్లో ఎవరు ఎదురుచూస్తారు, మీరు లేకపోతే ఆయనకెవరున్నారు. మధ్యాహ్నమంతా బేరం చూసుకుంటూనే గుమ్మానికి అడ్డంగా ఆవిడ ఎందుకు కూర్చుందో అర్థమైంది.

"నాకు అలాంటి ఆలోచన లేదమ్మా. నిజంగా పోర్టు చూద్దామనే వచ్చాను" అన్నాను.

"లేదులెండి, తర్వాత నాకూ తెలిసింది. గురకపెట్టి మరీ నిద్రపోయారు. చావాలనుకున్నోళ్ళకి అంత నిద్రెక్కడిది?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఏడవడం చూసి ఆవిడ కంగారుపడలేదు. ఇంకో టీ పెట్టింది.

ఆలోచన లేదని చెప్పాను, అది నిజమే. కానీ ఆ జెట్టీ మీద నడుస్తున్నప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందా అని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ముక్కూమొహం తెలియని మనిషికి దూరంనుంచే ఏదో కనపడింది. రోజూ నన్ను చూసేవాళ్ళకి కనపడనిది. నాకూ కనపడనిది.

ఐసు దించి ఊళ్ళోకి తిరిగి వెళ్తున్న లారీని ఆవిడే ఆపి, డ్రైవరుతో, "మా టీచరుగారు. కోనేరు సెంటరులో జాగ్రత్తగా దింపు" అంది. జీవితంలో మొదటిసారి లారీ క్యాబిన్లో కూర్చున్నాను. కోనేరు సెంటరులో మా బస్సు లేదు. మిఠాయి కొట్టతన్ని అడిగితే, "ఆడవాళ్ళంతా చాలాసేపు వెతికారండీ. ఇప్పుడే అరగంటైంది వెళ్ళి" అన్నాడు.

ఎస్టీడీ బూతు నుంచి మా పక్కింటికి ఫోన్ చేశాను. మా ఇంట్లో ఫోన్ లేదు. పెద్దావిడ ఎత్తింది. నా గొంతు వినగానే, "అయ్యో తల్లీ, నువ్వేనా! బతికే ఉన్నావా!" అని ఏడుపు అందుకుంది. మా వాళ్ళు బందరు నుంచే ఫోన్ చేసి నేను కనపడడం లేదని చెప్పారట. మా ఆడపడుచు కూలబడిపోయిందట. నేను వస్తున్నానని చెప్పి పెట్టేశాను.

పెడన మీదుగా వెళ్ళే బస్సు దొరికింది. జనం కిక్కిరిసి ఉన్నారు. నిలబడే వెళ్ళాను. నా చీర నుంచి వస్తున్న నీచు వాసనకి పక్కనున్నావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. కండక్టరు మావారితో పనిచేసినవాడే. నన్ను గుర్తుపట్టి, "వదినగారూ, ఇంత పొద్దుపోయి ఒక్కరే ఎక్కడ్నించి? అన్నయ్యగారెలా ఉన్నారు?" అని, ఎవర్నో లేపి సీటిప్పించాడు. బాగానే ఉన్నారని చెప్పాను. ఎప్పుడూ చెప్పే జవాబే.

ఇల్లు చేరేసరికి వీధి లైట్లు వెలిగాయి. హిందీ టీచరు మా వరండాలోనే కూర్చునుంది. నన్ను చూడగానే లేచింది. భయం తీరిందేమో, కోపం వచ్చేసింది.

"ఎక్కడికెళ్ళావమ్మా? కోనేరు సెంటరు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో తెలుసా? పోలీస్ స్టేషన్‌కి వెళ్దామని కూడా అనుకున్నాం. ఏం చేస్తున్నావు ఇంతసేపూ?"

"నిద్రపోయానండీ."

"నిద్రా? ఎక్కడ?"

"గిలకలదిండిలో. వలల మీద."

ఆవిడ నన్ను వింతగా చూసింది. నమ్మలేదు. నమ్మేలాంటి జవాబు కాదని నాకూ తెలుసు. "సరేలే, క్షేమంగా వచ్చావు, అంతే చాలు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు స్టాఫ్ రూములో నేను అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయేవి. బందరులో నాకెవరో తెలిసినవాళ్ళున్నారనీ, నాకు మతి చలించిందనీ రకరకాలుగా అనుకున్నారని తర్వాత తెలిసింది. నేనేమీ వివరించలేదు. వివరించడానికి కూడా ఓపిక కావాలి.

లోపలికి వెళ్ళాను. మావారు మంచం మీద నా కోసమే తల తిప్పుకుని ఉన్నాడు. పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. చెంప మీద పడ్డ వల గళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆయన మూతి ఎడమ పక్క మాత్రం కదిలింది. నవ్వు. గొంతులోంచి గాలిలా వచ్చింది. ఎడం చేత్తో నా చెంప తడిమాడు, అచ్చులేమైనా మిగిలాయేమోనని. టీ కొట్టావిడ ఏమనుకుందో మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ చాలామందికి చెప్పలేదు.

మా ఆడపడుచు ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. కంచం పెట్టింది, తీసింది. ఉదయం వంటింట్లో కాఫీ కలుపుతుంటే ఆవిడ మొహం చూశాను. కళ్ళు ఎర్రగా, కింద నల్లగా ఉన్నాయి. రెండు రోజుల్లో మనిషి అరిగిపోయింది. జుట్టు కూడా దువ్వుకోలేదు.

"నిన్న అన్నయ్య ఒక్కడే కంగారుపడలేదు వదినా. అందరం ఏడుస్తుంటే, వస్తుంది, వస్తుంది అంటూనే ఉన్నాడు" అంది. కాఫీ గ్లాసు అందుకుని తాగకుండా పట్టుకు కూర్చుంది. "మొన్న రాత్రి తిప్పబోతే నావల్ల కాలేదు. నడుం పట్టేసింది. మంచం మీదనుంచి పడిపోతాడేమోనని రాత్రంతా కన్ను మూయలేదు. ఒక్క రాత్రికే నా పనైపోయింది." నా వైపు చూడకుండా, "టీచరుగారు నమ్మలేదు గానీ, నిద్రపోయానన్నావు చూడు, నేను నమ్మాను" అంది.

ఇద్దరం గ్లాసులు పట్టుకుని పెరటి గడప మీద కూర్చున్నాం. పెళ్ళయి అన్నేళ్ళయినా మేమిద్దరం అలా పక్కపక్కన కూర్చోవడం అప్పటిదాకా జరగలేదు.

ఆ మధ్యాహ్నం బస్సుకి ఆవిడ వెళ్ళిపోయింది. వెళ్తూ ఏమీ చెప్పలేదు. తర్వాతి నెల రెండో శనివారం, బడి సెలవు రోజున, నేను బట్టలు తడుపుతుంటే గేటు చప్పుడైంది. చేతిలో సంచి, సంచిలో వాళ్ళ పెరట్లో కాసిన సొరకాయ. "ఈ రెండు రోజులూ నేనుంటాను. మా ఆయనకి చెప్పే వచ్చాను. ఆయన మేనల్లుడు తోడు వస్తాడు, తిప్పడానికి. నువ్వు మాత్రం మందులు అవీ చెప్పడం మొదలుపెట్టకు" అంది. తర్వాత ప్రతినెలా వచ్చింది. వర్షాలకి దారి మునిగినప్పుడు తప్ప మానలేదు. మావారు ఇంకొన్నేళ్ళు బతికాడు. ఆఖరి రోజున కూడా ఆవిడ ఇంట్లోనే ఉంది.

గిలకలదిండికి మళ్ళీ వెళ్ళాలని, ఆ టీ కొట్టావిడకి ఒక చీర పెట్టాలని చాలాసార్లు అనుకున్నాను. పేపర్లు దిద్దడానికి బందరు వెళ్ళినప్పుడల్లా సాయంత్రం వెళ్దాం అనుకునేదాన్ని. సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఉండేది కాదు, బస్సెక్కేసేదాన్ని. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు.

రెండో శనివారాల్లో నేనెక్కడికీ వెళ్ళేదాన్ని కాదు. గుళ్ళకీ కాదు, చుట్టాలిళ్ళకీ కాదు. ముందు గదిలో చాప వేసుకుని, తలుపు దగ్గరగా వేసి పడుకునేదాన్ని. వెనక గదిలో మా ఆడపడుచు అన్నయ్యకి ఊరి కబుర్లు గట్టిగా చెప్తుండేది. మధ్యలో ఎవరైనా నా కోసం వచ్చి తలుపు తడితే, బయటికి వచ్చి, "వదిన పడుకుంది, రేపు రండి" అని పంపేసేది.